యెరికోకు శాపం పెట్టిందెవరు?

యూదుల, క్రైస్తవుల గ్రంథాల్లో దేవుని ఆజ్ఞ పేరుతో జరిగిన సంహారాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటిని ఈసారి తీసుకున్నాం. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి వచ్చిన ఇశ్రాయేలీయులు యెహోషువ నాయకత్వంలో కనాను దేశాన్ని పట్టుకున్న కథ చుట్టూ ఎక్కువ ప్రశ్నలు తిరుగుతాయి; యెరికో ఆ దేశంలోని పట్టణం. పుస్తకాల పేర్లు, వచన సంఖ్యలు వాడుకలో ఉన్న తెలుగు పరిశుద్ధ గ్రంథం ప్రకారం ఇచ్చాం. గ్రంథం పక్కన తెరిచిపెట్టుకుని చదవండి. చాలాచోట్ల జవాబు అడిగిన వచనంలో కాక, దాని పక్క వచనంలో ఉంది.

ప్రశ్న: యెహోషువ 6:17లో యెరికో పట్టణం యెహోవా వలన "శపింపబడెను" అని ఉంది. ఏ తప్పుకు శపించాడు? శాపం పలికిన వచనం ఎక్కడుంది? 26వ వచనంలో ఒకటి కనబడింది గాని అది పట్టణాన్ని మళ్లీ కట్టేవాడికి పెట్టింది.
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మీరు సరిగ్గానే చదివారు. 26వ వచనంలో ఉన్నది అసలు సిసలు శాపం, హీబ్రూలో 'అరూర్'. 17వ వచనంలో ఉన్న మాట వేరు: 'హేరెం'. తెలుగులో రెండూ శాపాలే అయిపోయాయి కాబట్టి ఈ చిక్కు వచ్చింది.

హేరెం అంటే ఒక వస్తువును మనుషుల వాడకంలోంచి పూర్తిగా తప్పించి, మళ్లీ వెనక్కి తీసుకునే వీలు లేకుండా దేవునికి వదిలేయడం. అరబ్బీ 'హరామ్', 'హరీమ్' మాటలు దీనికి చుట్టాలే. ముట్టకూడనిది, అడుగు పెట్టకూడనిది అన్న అర్థం మూడింటిలోనూ ఉంది. లేవీయకాండము 27:28లో ఇదే మాట పొలానికీ పశువుకూ వాడారు. అక్కడ మన తెలుగులో "ప్రతిష్ఠించినది", పైగా "అతిపరిశుద్ధము". సంఖ్యాకాండము 18:14 ప్రకారం అలా వదిలేసిన వస్తువులు యాజకులకు చెందుతాయి. అదే ధాతువు ద్వితీయోపదేశకాండము 7:2లో "నిర్మూలము" అయింది, అదే అధ్యాయం చివరి వచనంలో "శాపగ్రస్తము" అయింది, యెరికో దగ్గర "శపింపబడెను" అయింది. అనువాదకులు సందర్భాన్ని బట్టి మాట మార్చారు, అందులో తప్పేమీ లేదు. కానీ తెలుగు పాఠకుడికి నష్టం జరిగింది. ప్రతిష్ఠ, నిర్మూలం, శాపం మూడూ ఒకే మాట అని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. హేరెంలో భయపెట్టేది కూడా అదే. అక్కడ చంపడం కోపంతో చేసే పని కాదు, అర్పణగా చేసే పని.

ఇంకో సంగతి. హేరెం అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. యెరికోలో మనుషులు, పశువులు అన్నీ పోయాయి. వెండి, బంగారం, ఇత్తడి, ఇనుము మాత్రం యెహోవా ధనాగారానికి చేరాయి (6:19). తర్వాతి పట్టణం హాయిలో మనుషుల్ని చంపి పశువుల్ని, కొల్లసొమ్మును ఉంచుకోనిచ్చారు (8:2). ఉత్తరాన హాసోరును కాల్చారు, గుట్టల మీది మిగతా పట్టణాలను కాల్చలేదు (11:13). కాల్చినట్టు యెహోషువ గ్రంథం చెప్పే కనాను పట్టణాలు మొత్తం మూడే: యెరికో, హాయి, హాసోరు.

యెరికో నియమాన్ని మొదట మీరినవాడు ఇశ్రాయేలీయుడే. ఆకాను ఒక షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి దాచుకున్నాడు (7:21). హీబ్రూలో ఉన్నది షెకెలు, సుమారు 11.4 గ్రాములు, మన పాత తులం 11.66 గ్రాములు. పాత అనువాదకుల ఎంపిక ఇక్కడ తక్కెడలో తూచినట్టు కుదిరింది. కంసాలి ఇవాళ లెక్కగట్టే 10 గ్రాముల తులంతో చూస్తే మాత్రం కాస్త తగ్గుతుంది. ఆ దొంగతనం వల్ల హాయి దగ్గర 36 మంది ఇశ్రాయేలీయులు చనిపోయారు, తర్వాత ఆకాను, అతని ఇంటివారు రాళ్ల కింద పోయారు. అదే అధ్యాయం 12వ వచనం చూడండి: ఇశ్రాయేలీయులే శాపగ్రస్తులయ్యారంటుంది. అక్కడా మాట హేరెమే.

ప్రశ్న: యెహోషువ 10:40లో ఊపిరి గలవాటన్నిటినీ చంపాడని ఉంది. న్యాయాధిపతులు మొదటి అధ్యాయానికి వస్తే కనానీయులు ఊరూరా కనబడుతున్నారు. ఏది నమ్మాలి? తవ్వకాల్లో ఏం తేలింది?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: న్యాయాధిపతుల దాకా వెళ్లక్కర్లేదు. యెహోషువ గ్రంథంలోనే ఈ రెండూ పక్కపక్కన ఉన్నాయి. హెబ్రోనును తీసుకోండి. 10:37లో అక్కడ ఎవరూ మిగల్లేదు. 15:14లో కాలేబు అదే హెబ్రోను నుంచి షేషై, అహీమాను, తల్మయి అనే అనాకీయుల్ని వెళ్లగొడుతున్నాడు. దెబీరు 10:39లో నిశ్శేషం. 15:17లో ఒత్నీయేలు దాన్ని మళ్లీ పట్టుకుని కాలేబు కూతుర్ని పెళ్లి చేసుకుంటున్నాడు. గెజెరు సేన 10:33లో ఒక్కడూ మిగలకుండా పోయింది. 16:10 గెజెరులో కనానీయులు కాపురమున్నారంటుంది. సొలొమోను కాలంలో ఫరో వచ్చి దాన్ని కాల్చి కూతురికి కట్నంగా ఇచ్చేదాకా (1 రాజులు 9:16) ఆ కనానీయులు అక్కడే ఉన్నారు. 13:1లో యెహోవా ముసలి యెహోషువతో ఇంకా చాలా దేశం మిగిలే ఉందంటాడు.

ఈ గ్రంథాన్ని కూర్చినవారికి ఈ తేడా కనబడలేదనుకోవడం పొరపాటు. అది ఆ కాలపు యుద్ధ ప్రకటనల బాణీ. ఐగుప్తు రాజు మెర్నెప్తా క్రీ.పూ. 1207 ప్రాంతంలో వేయించిన శిలాశాసనం 1896లో తీబ్స్‌లో బయటపడింది. గ్రంథం బయట ఇశ్రాయేలు పేరు కనబడే అతి పాత రాత అదే. దాని మీద రాసిందేమిటి? ఇశ్రాయేలు పాడైపోయింది, దాని విత్తనం లేదు. మూడున్నర శతాబ్దాల తర్వాత, క్రీ.పూ. 840 ప్రాంతంలో మోయాబు రాజు మేషా మరో రాయి చెక్కించాడు. 1868లో జోర్దాన్‌లోని ధిబాన్ దగ్గర దొరికింది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇశ్రాయేలు శాశ్వతంగా నశించిందని అతనూ రాయించాడు. అంతేకాదు, నెబో పట్టణం మీద తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా పోరాడి 7,000 మందిని చంపి అష్తార్-కెమోషుకు అర్పించానన్నాడు. అర్పించడానికి వాడిన క్రియ హేరెం ధాతువే. అంటే హేరెం ఒక్క ఇశ్రాయేలు సొత్తు కాదు, పొరుగు రాజులూ తమ దేవుళ్లకు అదే చేస్తున్నామని చెప్పుకున్నారు. రెండుసార్లు "శాశ్వతంగా" నశించిన ఇశ్రాయేలు ఆ తర్వాతా ఉందన్నది మనకు తెలుసు.

ఇక తవ్వకాలు. యెరికోలో 1930ల్లో జాన్ గార్‌స్టాంగ్ పడిపోయిన గోడల్ని చూపి ఇవే యెహోషువ గోడలన్నాడు. 1952-58 మధ్య కాథ్లీన్ కెన్యన్ పొరలు విప్పి చూస్తే ఆ గోడలు దాదాపు వెయ్యేళ్లు పాతవని తేలింది. చివరి పెద్ద పట్టణం కాలిపోయింది క్రీ.పూ. 1550 ప్రాంతంలో. యెహోషువ కాలాన్ని క్రీ.పూ. 1400కు పెట్టినా, 13వ శతాబ్దానికి పెట్టినా, అప్పుడు అక్కడ కూలడానికి ప్రాకారం దొరకడం లేదు. హాయి మరీ విచిత్రం. తెలుగులో పేరు వినడానికి చల్లగా ఉంది గాని హీబ్రూలో 'హా-అయ్' అంటే శిథిలాల దిబ్బ. ఎత్-తెల్ అనే ఆ గుట్ట క్రీ.పూ. 2400 ప్రాంతం నుంచి వెయ్యేళ్లకు పైగా ఖాళీగా పడి ఉంది. హాయి మరో గుట్ట అయివుంటుందని వాదించేవారూ ఉన్నారు. హాసోరు మాత్రం నిజంగా 13వ శతాబ్దంలో ఘోరమైన మంటల్లో పోయింది. 1950ల్లో యిగాయెల్ యాదిన్, 1990 నుంచి అమ్నోన్ బెన్-తోర్ అక్కడ తవ్వారు. తలలు నరికిన విగ్రహాలు దొరికాయి. కాల్చింది ఇశ్రాయేలీయులేనని వారిద్దరి అభిప్రాయం, ఒప్పుకోనివారూ ఉన్నారు.

2017లో వచ్చిన ఒక జన్యు పరిశోధనను కూడా కొందరు పంపారు. సీదోనులో దొరికిన, సుమారు 3,700 ఏళ్ల నాటి ఐదుగురి ఎముకల్లోని డీఎన్ఏ చూస్తే, నేటి లెబనాన్ ప్రజల వంశంలో 90 శాతానికి పైగా ఆ కనానీయులదే అని తేలింది. "బైబిలు తప్పని రుజువైంది" అని చాలా పత్రికలు శీర్షికలు పెట్టాయి. రాసినవారు న్యాయాధిపతులు 1:31 చూసుంటే బావుండేది. సీదోను వాళ్లను వెళ్లగొట్టలేదని అక్కడే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "అసలు జరగలేదు కాబట్టి బాధ లేదు" అని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. తవ్వకాలు తేలిక చేసేది చరిత్ర బరువును. ఆజ్ఞ బరువు ఆజ్ఞకు అలాగే ఉంది. దాన్ని గ్రంథంగా చదువుకునే సమాజాలు ఆ బరువును మోయాల్సిందే.

ప్రశ్న: నిర్గమకాండము 23:28లోని కందిరీగలు నిజం పురుగులేనా?
— ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఇశ్రాయేలుకు ముందుగా కందిరీగల్ని పంపి కనానీయుల్ని వెళ్లగొడతానని దేవుడు అనే వచనం అది. నిజం పురుగులే కావచ్చు. గుండెలో పుట్టే హడలుకు పోలిక అనేవారు ఉన్నారు, ఐగుప్తు సేనలకు సంకేతం అన్నవారూ ఉన్నారు. కందిరీగ కంటే దాని తర్వాతి రెండు వచనాలు ముఖ్యం. ఒక్క సంవత్సరంలో వెళ్లగొట్టను, అలా చేస్తే దేశం పాడై అడవి మృగాలు పెరుగుతాయి, కొంచెం కొంచెంగా వెళ్లగొడతాను అని ఉంది. ఇక్కడ మాట వెళ్లగొట్టడం. ద్వితీయోపదేశకాండము 7లో చంపడం, వెళ్లగొట్టడం, పెళ్లి సంబంధాలు కలుపుకోవద్దనడం మూడూ ఒకే అధ్యాయంలో కలిసి ఉన్నాయి. అందరూ చనిపోయాక పిల్లనిచ్చేదెవరికి, పుచ్చుకునేదెవరి దగ్గర? ఆజ్ఞ అసలు గురి బలిపీఠాల మీదే (7:5) అని చెప్పేవారికి ఈ వచనాలే ఆధారం.

ప్రశ్న: టీవీ చర్చల్లో "అమాలేకు" అన్న మాట వినబడింది. సౌలు వాళ్లను నిర్మూలం చేశాడు కదా? ఇప్పుడెవరు అమాలేకీయులు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అమాలేకీయులు ఇశ్రాయేలుకు పాత శత్రు జాతి, సౌలు ఇశ్రాయేలు మొదటి రాజు. ముందు కథలోని లెక్క. 1 సమూయేలు 15:3లో పురుషులు, స్త్రీలు, పసిపిల్లలు, ఎద్దులు, గొర్రెలు, ఒంటెలు, గాడిదలు అన్నిటినీ చంపమని ఆజ్ఞ. 15:8 ప్రకారం రాజు అగగు తప్ప జనమంతా కత్తివాత పడ్డారు. అగగును తర్వాత సమూయేలు చంపాడు. 27:8లో దావీదు అమాలేకీయుల మీద దాడికి వెళ్తున్నాడు. 30:1లో వాళ్లే వచ్చి దావీదు ఊరు సిక్లగును కాల్చేశారు. 30:17లో దావీదు వాళ్లను కొడితే ఒంటెలెక్కి పారిపోయినవాళ్లే 400 మంది. హిజ్కియా కాలంలో షిమ్యోను గోత్రంవారు 500 మంది వెళ్లి మిగిలినవారిని చంపారు (1 దినవృత్తాంతములు 4:42-43). ఆ తర్వాత ఎస్తేరు గ్రంథంలో యూదుల్ని చంపించజూసిన హామాను "అగాగీయుడు"గా, అంటే అగగు వంశంవాడిగా, ప్రత్యక్షమవుతాడు.

సౌలు అధ్యాయంలో ఎక్కువమంది దాటేసే వచనం ఒకటుంది. దాడికి ముందు సౌలు అమాలేకీయుల మధ్య ఉంటున్న కేనీయులకు కబురుపెట్టి, మీరు పక్కకు తప్పుకోండి అన్నాడు (15:6). ఇంకా లోతుకు వెళ్లాలంటే 22వ అధ్యాయం తెరవండి. అగగును బ్రతకనిచ్చిన ఇదే సౌలు దావీదుకు సాయం చేశారన్న అనుమానంతో నోబు యాజకుల్ని 85 మందిని చంపించాడు. ఊళ్లో స్త్రీపురుషులు, పసిపిల్లలు, ఎద్దులు, గాడిదలు, గొర్రెలు పోయాయి. ఆ 22:19ని 15:3 పక్కన పెట్టి చదవండి. జాబితా దాదాపు అదే. శత్రువు మీద పూర్తిగా చేయనిది తన యాజకుల మీద చేశాడు. యూదుల సంప్రదాయ గ్రంథం తాల్ముదులోని యోమా 22బి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టింది. అక్కడ సౌలు వాదిస్తాడు: పెద్దలు తప్పు చేశారు సరే, పిల్లలేం చేశారు? మనుషులు తప్పు చేశారు సరే, పశువులేం చేశాయి? ఆకాశం నుంచి "అతిగా నీతిమంతుడవు కాకు" అని శబ్దం వస్తుంది. నోబు దగ్గర "అతిగా దుర్మార్గుడవు కాకు" అని మళ్లీ వస్తుంది. శబ్దం సౌలును అణచినా, అతని ప్రశ్నకు మాత్రం జవాబివ్వలేదు. రబ్బీలు (యూద ధర్మగురువులు) ఆ ప్రశ్నను చెరపకుండా భద్రంగా రాసి ఉంచారు.

యూదులు ఏటా పూరీము పండుగ ముందు వచ్చే శనివారం, 'షబ్బాత్ జాఖోర్' నాడు, ద్వితీయోపదేశకాండము 25:17-19 చదువుతారు. ఐగుప్తు నుంచి వస్తున్నవాళ్లలో బలహీనులై వెనకబడ్డవారిని అమాలేకు కొట్టిన సంగతి గుర్తుంచుకోమని ఆ భాగం. గుర్తుంచుకోవడం సరే, ఆచరించడం ఎలా? ఆ దారిని రబ్బీలు మెల్లగా మూసేశారు. యూదుల పాత ధర్మసంహిత మిష్నాలోని యాదాయిమ్ 4:4లో, అమ్మోనీయులకు ప్రవేశం లేదన్న నియమం ఉండగా, అమ్మోనీయుడైన యూదా అనే వ్యక్తి సమాజంలో చేరతానంటే, అష్షూరు రాజు సన్హెరీబు వచ్చి జాతులన్నిటినీ కలగాపులగం చేశాడు, ఎవరు ఎవరో ఇక తెలియదు అని రబ్బీ యెహోషువ వాదించి చేర్పించాడు. 12వ శతాబ్దంలో యూద ధర్మశాస్త్ర పండితుడు మైమోనిదెస్ కనాను ఏడు జాతుల గుర్తే అంతరించిందన్నాడు. అమాలేకు గురించి ఆ మాట అనలేదు. అయితే ఏడు జాతులకైనా అమాలేకుకైనా ముందు సంధి మాట చెప్పకుండా యుద్ధం చేయకూడదని నియమం పెట్టాడు. సన్హెరీబు తర్కాన్ని అమాలేకుకు అన్వయించినవారు తర్వాత వచ్చారు. హామాను వంశస్థులు బ్నే బ్రాక్ పట్టణంలో తోరా బోధించారని తాల్ముదులోని గిత్తీన్ 57బి చెప్పడం ఇంకా రుచిగా ఉంటుంది.

ఇక టీవీ సంగతి. 2023 అక్టోబరు చివర్లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు గాజా యుద్ధం గురించి మాట్లాడుతూ అమాలేకు మీకు చేసింది గుర్తుంచుకోండన్న వచనాన్ని ఎత్తారు. అదే ఏడాది డిసెంబరులో దక్షిణాఫ్రికా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన జాతిహత్య దావాలో ఆ మాటను ఉద్దేశానికి సాక్ష్యంగా చూపింది. ఇజ్రాయెల్ పక్షం ఆ అర్థాన్ని తోసిపుచ్చింది. దావా సంగతి న్యాయస్థానం చూసుకుంటుంది. గ్రంథం చదివేవారికి చెప్పగలిగింది ఇది: బ్రతికున్న ఒక జనానికి ఆ పేరు పెట్టిన క్షణం, రబ్బీలు శతాబ్దాలపాటు మూసిన తలుపును తన్ని తెరిచినట్టే. క్రైస్తవులూ ఈ పని చేశారు. 1637లో న్యూ ఇంగ్లండ్ వలసదారులు మిస్టిక్ నది దగ్గర పీకాట్ తెగవారి కోటకు నిప్పుపెట్టి ఆడవాళ్లను, పిల్లలను కూడా చంపారు. దాడి నడిపినవారిలో ఒకడైన జాన్ అండర్‌హిల్ తర్వాత రాస్తూ దావీదు యుద్ధాన్నే సమర్థనగా చూపాడు.

ప్రశ్న: కనానీయుల పాపం పండింది కాబట్టి తీర్పు వచ్చిందని మా పాస్టరుగారు చెప్పారు. పసిపిల్లలకు పాపం ఎక్కడిది? సంఖ్యాకాండము 31 చదివాక నాకు నిద్ర పట్టలేదు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పాస్టరుగారి మాటకు గ్రంథంలో ఆధారం ఉంది. ఆదికాండము 15:16లో అమోరీయుల అక్రమం ఇంకా నిండలేదని, అందుకే నాలుగో తరం దాకా ఆగాలని దేవుడు అబ్రాహాముతో అంటాడు. లేవీయకాండము 18:25లో దేశమే తన నివాసుల్ని కక్కివేస్తుంది. అయితే అక్కడితో ఆపకండి. 18:28 ప్రకారం మీరూ అలా చేస్తే మిమ్మల్నీ కక్కివేస్తుంది. ద్వితీయోపదేశకాండము 9:5 మీ నీతిని బట్టి కాదు అని తేల్చిచెబుతుంది. తర్వాత వారి సొంత రాజధానులు సమరియ, క్రీ.పూ. 587 ప్రాంతంలో యెరూషలేము నిజంగానే అలా పోయాయి. ఈ తీర్పు ఒక జాతి పక్షాన నిలబడేది కాదన్నది ఆ వాదనలోని బలమైన భాగం.

పసిపిల్లల ప్రశ్నకు మాత్రం ఆ వాదన దగ్గర జవాబు లేదు. కుమారుడు తండ్రి దోషం మోయడని యెహెజ్కేలు 18:20, తండ్రుల పాపానికి కుమారులను చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16 అంటున్నాయి. అంటే మీ అభ్యంతరం గ్రంథం బయటి నుంచి తెచ్చింది కాదు. 4వ శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగొరీ, ఐగుప్తు జ్యేష్ఠుల మరణం గురించి సరిగ్గా ఇదే అడిగాడు: తండ్రి చేసిన దానికి శిశువు శిక్ష పొందితే న్యాయమెక్కడ? దాన్ని చెడు మొలకెత్తగానే తుంచేయాలన్న ఆత్మీయ పాఠంగా చదివాడు. అంతకు శతాబ్దానికి పైగా ముందు క్రైస్తవ పండితుడు ఓరిగెను యెహోషువ గ్రంథమంతటినీ అలాగే చదివాడు. గ్రీకులో యెహోషువ, యేసు రెండు పేర్లూ ఒకటే కావడం అతనికి కలిసొచ్చింది. మన కూటాల్లో "మనలోని ఏడు జాతుల్ని జయించాలి" అని ప్రసంగాలు వింటుంటాం కదా, ఆ బాట వేసిందీ ఓరిగెనే. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విను ఈ దారి పట్టలేదు. ఆజ్ఞను ఉన్నదున్నట్టు తీసుకుని, దేవుని తీర్పు మన కొలతకు అందదన్నాడు. ఓరిగెను పద్ధతిలో చనిపోయిన మనుషులు కనబడకుండా పోతారు. కాల్విను పద్ధతిలో కనబడతారు గాని వారి తరఫున అడగడానికి ఎవరూ మిగలరు. ఈ రెండింటి లోపమూ తెలిసి చదవడం మంచిది.

సంఖ్యాకాండము 31 వీటన్నిటికంటే కష్టమైన అధ్యాయం. మిద్యాను మగపిల్లలను, పెళ్లయిన స్త్రీలను చంపి 32,000 మంది ఆడపిల్లలను పట్టుకున్నారు. దీన్ని సర్దిచెప్పే మాట మా దగ్గర లేదు. గమనించాల్సిన వివరాలు రెండున్నాయి. మనిషిని చంపినవాడు ఏడు రోజులు పాళెం బయట ఉండి శుద్ధి చేసుకోవాలి (31:19). గెలిచి వచ్చినా ఆ చేతికి మైల అంటింది. ఇక తుడిచిపెట్టుకుపోయిన మిద్యానీయులు న్యాయాధిపతులు 6:5లో మిడతల దండులా తిరిగొస్తారు. నిద్ర పట్టకపోవడం ఆ అధ్యాయాన్ని తప్పుగా చదివినందుకు కాదు.

ప్రశ్న: పాత నిబంధన దేవుడు ఉగ్రుడు, కొత్త నిబంధన దేవుడు ప్రేమమయుడు అంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ మాట 1,900 ఏళ్ల పాతది, సంఘం అప్పుడే కాదంది. నల్లసముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఓడల వ్యాపారి మార్కియోను ఇద్దరు దేవుళ్లున్నారని బోధించి, పాత నిబంధన మొత్తం పక్కన పెట్టి, కత్తిరించిన లూకాను, పౌలు పత్రికలు పదింటిని ఉంచుకున్నాడు. రోము సంఘం క్రీ.శ. 144లో అతన్ని వెలివేసింది. అతనిచ్చిన 2,00,000 సెస్టర్సుల విరాళాన్ని కూడా తిరిగిచ్చేసింది.

చదివి చూసినా ఆ విభజన నిలవదు. ఎడమ చేయేదో కుడి చేయేదో ఎరుగని 1,20,000 మంది మీద, ఆఖరికి పశువుల మీద కూడా జాలిపడే మాట యోనా 4:11లో ఉంది. అదీ అష్షూరు రాజధాని నీనెవె మీద. జలప్రళయానికి ముందు భూమి "బలాత్కారముతో" నిండిందని (ఆదికాండము 6:11) కారణం చెబుతుంది, హింసకే తీర్పు. గిలాదు గర్భిణుల కడుపులు చీల్చినందుకు అమ్మోను మీద ఆమోసు (1:13) తీర్పు పలుకుతాడు. ఇటు కొత్త నిబంధనలో ప్రకటన 14:20 చూడండి: ద్రాక్ష గానుగ తొట్టి నుంచి గుర్రాల కళ్లేల ఎత్తున రక్తం. మన తెలుగులో "నూరు కోసుల" దూరం. గ్రీకులో 1,600 స్టేడియాలు, అంటే దాదాపు 300 కిలోమీటర్లు. కోసు మూడు కిలోమీటర్లనుకుంటే అనువాదకులు లెక్క కట్టే వేశారు. కానీ అలా కట్టడంలో 1,600 అన్న సంఖ్య పోయింది. నాలుగును నాలుగుతో, పదిని పదితో గుణించి, ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే సంఖ్య అది. నాలుగు దిక్కులూ నిండాయని చెప్పడం దాని పని.

ప్రకటన గ్రంథాన్ని చదివేటప్పుడు జనం జారేది కత్తి దగ్గర. 19:15లో గుర్రమెక్కి వచ్చే క్రీస్తుకు కత్తి చేతిలో లేదు, నోట్లోంచి వస్తోంది. 19:13లో వస్త్రం యుద్ధం మొదలుకాకముందే రక్తంలో తడిసి ఉంది. అది ఆయన సొంత రక్తమని వ్యాఖ్యాతల్లో చాలామంది అంటారు, శత్రువులదనేవారూ ఉన్నారు. 5:5లో సింహం అని వినబడుతుంది, తలెత్తి చూస్తే 5:6లో వధింపబడిన గొర్రెపిల్ల. 19వ అధ్యాయంలో ఓడిన "భూరాజులు" 21:24లో తమ మహిమను కొత్త యెరూషలేము పట్టణంలోకి తెస్తున్నారు. విశ్వాసుల చేతికి కత్తి ఇచ్చిన వచనం ఆ గ్రంథంలో ఒక్కటీ లేదు. సమరయుల ఊరి మీద అగ్ని దింపమంటావా అని యాకోబు, యోహాను అడిగితే యేసు వారినే గద్దించాడు (లూకా 9:54-55).

ప్రశ్న: సండే స్కూల్లో యెరికో పాఠం చెప్పాలి. పట్టణంలో అందరినీ కత్తితో చంపారన్న 21వ వచనం గురించి పెద్ద పిల్లలు అడుగుతున్నారు. ఎలా చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: మామూలుగా జరిగే పొరపాటు ఇది. పిల్లల్ని గది చుట్టూ తిప్పి, కేకలు వేయించి, గోడ పడగానే చప్పట్లు కొట్టించి, 20వ వచనం దగ్గర పుస్తకం మూస్తారు. పదమూడు, పద్నాలుగేళ్లకు ఆ పిల్లలే సొంతంగా 21 చదువుతారు. అప్పుడు వాళ్లకు దేవుడి మీద కంటే దాచిన టీచరు మీద కోపమొస్తుంది.

ఎనిమిదేళ్ల లోపు వారికి చుట్లు లెక్క పెట్టించండి: ఆరు రోజులు ఒక్కొక్కటి, ఏడో రోజు ఏడు, మొత్తం 13. ఏడుగురు యాజకులు, ఏడు పొట్టేలు కొమ్ము బూరలు. తర్వాత గోడ కంటే ఎక్కువ సమయం, ఇశ్రాయేలు వేగులవారిని దాచి బ్రతికి బయటపడ్డ యెరికో స్త్రీ రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారానికి ఇవ్వండి. "చెడ్డవాళ్లందరూ చచ్చిపోయారు" అన్న వాక్యం మాత్రం నోట రానీయకండి. ఆ వయసులో పిల్లలు వెంటనే తరగతిలో చెడ్డవాళ్లెవరో వెతుక్కుంటారు.

పన్నెండు దాటినవారితో 21వ వచనం గట్టిగా చదివించండి. చదివాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడవద్దని ముందే చెప్పండి. ఆ తర్వాత మూడు చోట్లు తెరిపించండి. మొదటిది యెహోషువ 2:9-13, యెరికో స్త్రీ రాహాబు నోటినుంచి వచ్చిన విశ్వాసం. ఆమె పేరు మత్తయి 1:5లో యేసు వంశావళిలో ఉందని చూపండి. రెండోది మత్తయి 15:22, "కనాను స్త్రీ". మార్కు అదే స్త్రీని సురోఫెనికయ వంశస్థురాలంటాడు. మత్తయి మాత్రం పాత శత్రువు పేరు పెట్టాడు. ఎందుకు పెట్టివుంటాడో పిల్లల్నే చెప్పమనండి. మూడోది యెహోషువ 5:13-14. కత్తి దూసి నిలబడ్డవాణ్ని యెహోషువ "నువ్వు మా పక్షమా, మా విరోధుల పక్షమా" అని అడిగితే వచ్చిన జవాబు "కాదు". ఆ ఒక్క మాట మీద పావుగంట చర్చ నడుస్తుంది.

తరగతిలో ఎవరైనా "మన ఊళ్లో కనానీయులెవరు" అని అడిగితే అక్కడే ఆపండి. పక్కింటివాళ్లు, వేరే మతంవాళ్లు, వేరే సంఘంవాళ్లు అన్న జవాబు రాకముందే గిబియోనీయుల కథకు వెళ్లండి. యెహోషువ 9వ అధ్యాయంలో ఈ కనాను జనం బూజుపట్టిన రొట్టెలు, చిరిగిన ద్రాక్షారసపు తిత్తులు చూపి, దూరదేశంవాళ్లమని నమ్మించి, తమను చంపబోమని ఇశ్రాయేలీయుల చేత ప్రమాణం చేయించుకున్నారు. 2 సమూయేలు 21లో సౌలు ఆ ప్రమాణం మీరి వారిని చంపినందుకు ఇశ్రాయేలు మీద మూడేళ్లు కరువు వచ్చింది. కనాను దేశపు జనాన్ని చంపినందుకు ఇశ్రాయేలుకు శిక్ష. అయితే ఆ అధ్యాయం 9వ వచనంలో సౌలు సంతానంలో ఏడుగుర్ని ఉరితీశారు. పిల్లలు అది కూడా చదువుతారు, సిద్ధపడి వెళ్లండి.